లవణారణ్యములో ఒక దినము



గవర్నర్‌పేటలో ఏలూరు రోడ్డునకు దాపున నున్న ఒక సందులో, రెండవ అంతస్తునందు, మా స్వాధ్యాయ గోష్ఠి మూడు సంవత్సరములుగా బృహదారణ్యకోపనిషత్తును పఠించుచున్నది. ఆదివారము ఉదయము ఆరు గంటలకు కూర్చుందుము. క్రింది దుకాణముల ఇనుప తలుపులు పైకి లేచు చప్పుడుతో మేమును లేతుము. యాజ్ఞవల్క్యుడు మైత్రేయితో మాటలాడుచుండగా నడుమ ఆటో హారన్లు వినవచ్చుట మాకు అలవాటైపోయినది. గత ఆశ్వయుజములో ఒక సోదరి, "మూడేళ్ళుగా ఆరణ్యకం చదువుతున్నాం గదా, మనలో అరణ్యం చూసినవాళ్ళెంతమంది?" అని అడిగిరి. లెక్కింపగా ఇద్దరు తేలిరి. అందులో ఒకరు తిరుమల నడకదారిని కూడ అరణ్యముగా జమకట్టినవారు.

ఉపనిషత్తులలో ఇన్నింటికి అరణ్యముతో సంబంధముండగా, అరణ్యమును కేవలము ఒక పదముగా ఎరిగి ఊరకుండుట మాకు వెలితిగా తోచెను. కార్తికమాసము ఎటులును వచ్చుచున్నది. వనభోజనమునకు ఉసిరిచెట్టు నీడ విధింపబడినది గాని, ఉసిరిచెట్టు ఒక్కటి వనము కానేరదు. కొందరు మారేడుమిల్లి అనిరి, కొందరు పాపికొండలనిరి. కాని ఒక్క దినములో వెళ్ళి తిరిగి రావలెను. గోష్ఠిలో సగము మంది డెబ్బది దాటినవారు. అప్పుడు నేను మడ అడవి పేరు చెప్పితిని.

వర్షారణ్యమనగానే అమెజాను తీరమో, పడమటి కనుమలో స్ఫురించును. కృష్ణా డెల్టాలో అట్టిది లేదు. ఇచట నున్నది వర్షముచే గాక సముద్రపు ఆటుపోట్లచే పెరుగు అడవి. మన కృష్ణవేణి పులిగడ్డ వద్ద రెండు పాయలై దివిసీమను నడుమ నిలిపి, సముద్రములో కలియు చోట బురదయే భూమిగా ఈ వనము పుట్టినది. 1989లో దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము 194 చదరపు కిలోమీటర్లకు పైమాట. ప్రకాశం బ్యారేజీ మీద నిలిచి నదికి నమస్కరించు మనలో, ఆ నది చివర నొక అడవి యున్నదని ఎరిగినవారు బహుస్వల్పము.

కార్తిక బహుళ పంచమినాడు తెల్లవారుజామున పదునొకండుగురము ఒక చిన్న బస్సులో బయలుదేరితిమి. ఉయ్యూరు, చల్లపల్లి దాటి మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శించి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరునప్పటికి సూర్యుడు తాటిచెట్ల పైకి వచ్చెను. త్రోవ పొడవునను వరి పండి వంగియున్నది. నాగాయలంక సమీపించుకొలది వరి తగ్గి రొయ్యల చెరువులు పెరిగినవి. వానిలో నీటిని చిలుకు చక్రములు రేయింబవళ్ళు తిరుగుచుండును. ఒకప్పుడు మడ యున్న నేలలు పెక్కు ఇట్లే చెరువులైనవని తరువాత వింటిమి.

శ్రీరామపాద క్షేత్రము రేవున మా మార్గదర్శి వేచియుండెను. అతడు చేపలవేటపై జీవించు కుటుంబమువాడు, నలువది యేండ్లవాడు. అటవీశాఖవారి అనుమతితో యాత్రికులను తీసికొనిపోవుచుండును. పేరు వ్రాయను. మా పంచాంగపు సంచిని చూచి అతడు నవ్వి, "మాకూ తిథులే లెక్కండీ" అనెను. "పున్నమికీ అమాసకీ పోటు బలంగా ఉంటది. పంచమి, అష్టమి దగ్గర మెత్తగా ఉంటది. ఇయ్యాళ పోటు ఏ ఏళకి నిండిందో, రేపు దానికి రెండు ఘడియలు ఎనక్కి పోద్ది." రెండు ఘడియలనగా నలువది యెనిమిది నిమిషములు. చంద్రుడు ప్రతిదినము ఉదయించుటలో ఆలస్యము చేయునది కూడ సుమారంతే. మేము తిథిని సంకల్పములో పలికి మరచువారము. అతడు తిథిని తప్పి లెక్కించినచో ఆ పూట పడవ బురదలో కూరుకొనిపోవును. పంచాంగమును ప్రాణావసరముగా వాడువానిని నేను చూచుట అదియే ప్రథమము.

ఉదయము ఆటు గనుక ముందు నడక, పోటు ఎక్కిన పిదప దోనె అని అతడు క్రమము నిర్ణయించెను. మోటారు పడవలో నది వెంట దిగువకు పోయి, ఒక చిన్న పాయ మొగదల దిగితిమి. చెప్పులు విడువుమని చెప్పలేదు. మొదటి పది అడుగులలో బురదయే వానిని విడిపించెను. మోకాలి లోతు బురద. చేతికొక కర్ర ఇచ్చి, "కాలు తీసేటప్పుడు మడమ ముందు లేపండి, వేళ్ళు తరవాత" అని నేర్పెను. డెబ్బది మూడేండ్ల మా సంస్కృత ఉపాధ్యాయులు శిశువువలె నడక నేర్చుకొనుచుండుట చూచి మాకు నవ్వును, భక్తియు నొక్కమారే కలిగెను.

లోపలికి పోయిన కొలది శబ్దము మారిపోయెను. పక్షులు కొంత ఎడమున పలుకుచుండెను గాని, అచట ముఖ్యమైన ధ్వని బురదది. నీరు తీసిపోవునప్పుడు వేలకొలది రంధ్రములనుండి గాలి బుడగలు టప్‌టప్‌మని పగులును. ఎఱ్ఱని చిన్న పీతలు, ఒక కొండి మాత్రమే పెద్దదిగా గలవి, దానిని పైకెత్తి దించుచు మమ్ము రమ్మనుచున్నవో పొమ్మనుచున్నవో తెలియకుండెను. బావురుపిల్లి అడుగుజాడ యొకటి మార్గదర్శి చూపెను. ఆ జంతువును మాత్రము చూడలేదు. రాత్రిపూట నీటిలో చేయి పెట్టి చేపను పట్టు పిల్లి యది.

అపుడు వేళ్ళు కనబడినవి. తెల్లమడ చెట్టు చుట్టును, పదునైదు ఇరువది అడుగుల దూరము వరకు, బురదనుండి జేనెడు పొడవున మేకులవలె మూలములు ఆకాశము వైపు నిలిచియున్నవి. బురదలో వాయువు లేదు. అందుచే ఆ మూలము తన సహజగతిని విడిచి, పైకి వచ్చి, ఆటు సమయమున ఊపిరి తీసికొనును. ఉపాధ్యాయుల వారు కర్ర మీద ఆనుకొని, "ఊర్ధ్వమూలము!" అని ఎలుగెత్తిరి. గీతలో పదునైదవ అధ్యాయమును భోజనమునకు ముందు నిత్యము పఠించువారము. అందరి చేతులును వానియంతట అవియే జోడింపబడినవి.

నేనును జోడించితిని. కాని ఆ సామ్యము కన్నులకు తోచినంత మనస్సునకు తోచలేదు. కఠోపనిషత్తులోను, గీతలోను చెప్పిన వృక్షమునకు మూలము పైన ఉన్నదనగా కారణము సూక్ష్మము, మహత్తు అని తాత్పర్యము. ఈ మడ వేరు పైకి వచ్చినది మహత్తు కొరకు కాదు, ఊపిరి కొరకు. మరియు ఆ వృక్షమును అశ్వత్థమనిరి. రేపటి వరకును నిలువనిది అని భగవత్పాదులు దానికి నిర్వచనము చెప్పిరి. ఇచటి వృక్షమో, నిలువని నేల మీద నిలుచుటయే వృత్తిగా గలది. ఉపమానము దొరికెనను సంతోషములో ఎదుట నున్న వస్తువును చూడకపోవుట మావంటి గ్రంథపాఠకులకు సులభమైన ప్రమాదము. కావున కొంతసేపు నేను ఏ శ్లోకమును తలపక నిలిచితిని.

మార్గదర్శి ఒక తెల్లమడ ఆకు త్రుంచి, నాలుకకు తాకింపుమనెను. ఉప్పు. ఆకు మీద సన్నని స్ఫటికములు ఎండలో మెఱయుచున్నవి. ఈ చెట్టు వేరుతో ఉప్పునీటినే త్రాగి, తనకు కావలసిన నీరుంచుకొని, ఉప్పును ఆకు మీది సూక్ష్మగ్రంథుల ద్వారా వెలికి పంపును. ప్రక్కనే వంపు తిరిగిన ఊతకఱ్ఱల వంటి వేళ్ళతో నిలిచిన ఉప్పుపొన్న యున్నది. దాని రీతి వేరు. అది ఉప్పులో అత్యధికభాగమును వేరు గడప వద్దనే ఆపివేయును. దాని ఆకు నాకితిమి, రుచి లేదు.

ఛాందోగ్యములో ఉద్దాలకుడు కుమారునిచే నీటిలో ఉప్పు వేయించి, మరునాడు దానిని తెమ్మనును. ఉప్పు కనబడదు. పైన, నడుమ, అడుగున రుచి చూపించి, కనబడనిది లేనిది కాదని బోధించును. ఆ ప్రకరణమును నేనెన్నిమార్లు చెప్పితినో! నీటిలో కరగిన ఉప్పును మరల వేరుగా చూపించు ఉపాధ్యాయుడు మాత్రము నాకు ఈ అడవిలోనే లభించెను. లోనికి రానీయక నిలుచు పొన్న యొకటి. రానిచ్చి, అంటించుకొనక, వెలికి విడుచు మడ యొకటి. నివృత్తిధర్మము, ప్రవృత్తిధర్మము అని ఒక సోదరుడు వెంటనే పేర్లు పెట్టెను. రెండును ఒకే బురదలో, ఒకే పోటు క్రింద, ఒకదాని నొకటి ఆక్షేపింపక పెరుగుచున్నవి. గృహస్థుడు గొప్పయా సన్న్యాసి గొప్పయా అని మా గోష్ఠిలో జరుగు వాదములకు ఆ శాంతి ఎన్నడును లేదు.

కాని మార్గదర్శి ఆ ఆనందమును కొంత సరిచేసెను. "ఉప్పునీళ్ళలో బతికిద్దని అందరూ అంటారు గానీ అయ్యగారూ, మంచినీళ్ళు అసలు రాకపోతే ఇదీ గిడసబారిపోద్దండీ. పైనించి ఏరు దిగాల." అది సత్యము. బురదలో ఉప్పు మితి మీరినచో మడ కూడ కుఱుచబారును, ఎండును. 1855 నాటి ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినది; డెల్టా అన్నము తినుచున్నది ఆ కాలువల పుణ్యముననే. వేసవిలో బ్యారేజీ దిగువకు దిగు నీరు మాత్రము అత్యల్పము. అసంగత్వము స్వయంపోషకము కాదని, పైనుండి దిగు కరుణ కొంత కావలెనని నేను మనస్సులో వ్రాసికొంటిని. ఆ కరుణ గేట్లను ఎత్తువాని చేతిలో కూడ కొంత యున్నదని దాని ప్రక్కనే వ్రాసికొంటిని.

మధ్యాహ్నమునకు పోటు ఎక్కెను. మేము నడచిన నేల నీట మునిగి, ఊర్ధ్వమూలములన్నియు అదృశ్యమైనవి. మోటారు పడవ లోపలికి రాదు. ముగ్గురేసి కూర్చుండు చిన్న దోనెలలో ఎక్కితిమి. ముందు కూర్చున్నవానికి తెడ్డు, వెనుక నిలిచినవానికి గెడ. ఇరుకైన పాయలో కొమ్మలు రెండు వైపులనుండి కలిసి పైన పందిరి వేసినవి. తెడ్డు వేయుట నాకును నేర్పిరి. బలముగా వేసినచో దోనె ప్రక్కకు తిరుగును. నీటిని పట్టి విడిచినచో సాగును. అరగంటకు భుజములు నొప్పిపుట్టినవి గాని, గోష్ఠిలో మౌనవ్రతమని పేరు పెట్టి సాధింపలేని నిశ్శబ్దము అచట ఎవరును సాధింపకయే ఏర్పడెను.

ఒక చోట మార్గదర్శి గెడతో దోనెను దూరముగా నెట్టెను. అది తిల్లచెట్టు. దాని పాలు కంటబడినచో మంట పుట్టి తాత్కాలికముగా చూపే పోవును. పేరు వినగానే నాకు రోమాంచమయ్యెను. చిదంబరమునకు తిల్లై అను నామము ఈ వృక్షము వలననే వచ్చినది. నటరాజస్వామి ఆలయమునకు ఇదియే స్థలవృక్షము. ఆకాశలింగము, చిత్సభ, ఆనందతాండవము అని మనము ధ్యానించునది మొదట ఇట్టి ఉప్పు బురదలోని, కన్నులు పోగొట్టు చెట్ల నడుమ వెలసినదన్నమాట. నేటికిని చిదంబరమునకు చేరువనున్న పిచ్చావరములో మడ అడవి యున్నది. అచట కూడ దోనెలలో త్రిప్పుదురు. చిదాకాశము చూపువారు చర్మచక్షువును ముందే హెచ్చరించు చెట్టును ఎంచుకొనిరని ఉపాధ్యాయుల వారు చమత్కరించిరి.

పాయ విశాలమైన చోట అతడు తూర్పుదక్షిణముగా చేయి చూపి, "అటేపు సొర్లగొంది" అనెను. దోనెలో నున్న ముగ్గురిలో నాకు తప్ప ఆ పేరు ఎవరికిని తెలియదు.

మా దొడ్డమ్మ ఆ ప్రాంతపు కోడలు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో, అది కూడ కార్తికమాసమే, 5, 6 మీటర్ల ఎత్తున సముద్రము దివిసీమ మీదికి నడచివచ్చెను. ప్రభుత్వపు లెక్కయే దాదాపు 10,000 ప్రాణములు. ఆ సాయంకాలము ఆమె ఒక తాటిచెట్టును కౌగిలించుకొని తెల్లవారువరకు నిలిచెను. ఆరేండ్ల కుమారుడు ఆమె చంక నుండి ఎప్పుడు జారెనో ఆమెకు తెలియదు. ఆ మాసములోనే మా నాయనగారు ఆమెను గవర్నర్‌పేటకు తీసికొనివచ్చిరి. నాటినుండి మా ఇంటనే యున్నది. గోష్ఠి జరుగునప్పుడు ప్రక్కగదిలో కూర్చుండి వినుచుండును. పదునైదవ అధ్యాయములో మూడవ శ్లోకము, ఆ వృక్షమును అసంగమను దృఢశస్త్రముతో ఛేదింపుమను శ్లోకము, వచ్చినపుడు మాత్రము లేచి వంటింటిలోనికి పోవును. ఒకనాడు అడిగెను: "చెట్టు పట్టుకుని బతికినదాన్నిరా. చెట్టు నరకమంటారేమిటి?"

భాష్యము నాకు తెలియును. అసంగమనగా పుత్రైషణ, విత్తైషణ, లోకైషణ అను మూడింటినుండి పైకి లేచుట. మేము మూడేండ్లుగా చదువుచున్న బృహదారణ్యకములోనే ఆ త్రయమున్నది. కాని పుత్రైషణ అను మాటను ఆమె ఎదుట నేనెట్లు పలుకుదును? ఆమెను ఈ యాత్రకు రమ్మంటిని. "నేను రాను నాయనా. ఆ నీళ్ళు చూసినంత చాలు" అనెను.

దోనెలో నేనీ కథను చెప్పగా మార్గదర్శి గెడ ఆపెను. "మా నాయన మడలోనే బతికాడండీ. కెరటం తెచ్చి కొమ్మల్లో ఇరికించింది. తెల్లారాక చూసుకుంటే ఒంటి మీద చర్మం లేదంట, పేణం ఉందంట." కొంతసేపటికి మరల అనెను: "ఆయన బతికినన్నాళ్ళూ పొయ్యిలోకి మడ కొట్టనివ్వలేదండీ. ఎండి రాలిందే ఏరుకురమ్మనేవాడు." మడ దట్టముగా నున్న చోట కెరటపు వేగము విరిగి ప్రాణనష్టము తగ్గినదని దివిసీమ వృద్ధులు చెప్పుదురు. చెట్ల కాండములును, వేళ్ళును నీటి వేగమును ఎదిరించునని శాస్త్రజ్ఞులును చెప్పుదురు.

అప్పుడు నాకు ఆ శ్లోకపు పూర్వార్ధము స్ఫురించెను. ఈ వృక్షపు రూపము ఇచట ఆ విధముగా కనబడదు, దీనికి ఆది లేదు, అంతము లేదు, నిలకడ లేదు అని భగవానుడు ముందుగా చెప్పి, పిదప ఛేదింపుమనెను. గొడ్డలి మాట వినగానే మనము ఆ ముందు మాటను దాటిపోవుదుము. కనబడని వృక్షమును గూర్చి కదా ఆ ఆజ్ఞ! కంటికి కనబడు తాటిచెట్టును గాని, మడను గాని, ఆరేండ్ల బిడ్డను గాని, ఆ బిడ్డ జ్ఞాపకమును గాని ఆ శస్త్రము తాకవలసిన పని లేదు. ఛేదింపవలసినది వీనిలో దేనికిని రూపముగా కనబడని ఒక ముడి. నాది, నేను పోగొట్టుకొంటిని, నేను జారవిడిచితిని అని ఏబది యేండ్లుగా బిగియుచున్న ముడి. చెట్టును పట్టుకొనిన చేయి సంగము కాదు. జారిన క్షణమును ఇంకను పట్టుకొనియున్నది సంగము.

ఉపాధ్యాయుల వారు అంగీకరింపలేదు. "నీవు దొడ్డమ్మ కొరకు శ్లోకమును మెత్తన చేయుచున్నావు" అని స్పష్టముగా చెప్పిరి. సంసారవృక్షములో కనబడునదియు చేరినదే, స్నేహపాశమునకు మినహాయింపు లేదు, యాజ్ఞవల్క్యుడు మైత్రేయిని విడిచి పోవలేదా అనిరి. పోవుటకు ముందు ఆమె ప్రశ్నకు సమాధానము చెప్పియే పోవుటకు సిద్ధపడెనని నేనంటిని. వాదము తేలలేదు. తేలు లోపల దోనె ఒడ్డునకు తగిలెను.

అడవిలో ఎంగిలి విడువరాదని, భోజనము మోటారు పడవలోనే కానిచ్చితిమి: పులిహోర, దద్ధోజనము, ఉసిరికాయ పచ్చడి. ఉసిరిచెట్టు లేకున్నను ఉసిరి యున్నదని సోదరీమణులు శాస్త్రమును సరిపెట్టిరి. తిరుగు త్రోవలో నూతనముగా మడ పెంచుచున్న చోటొకటి చూచితిమి. చేపముల్లు ఆకారమున, నడుమ పెద్దకాలువ, ఇరువైపుల ఏటవాలుగా పిల్లకాలువలు త్రవ్వి పోటునీటిని లోనికి రప్పించిరి. నీరు వచ్చిపోవుటతో నేలలోని అధికలవణము తగ్గి మొక్క నిలుచును. ఉప్పుపొన్న కాయలు తల్లిచెట్టు మీదనే మొలకెత్తి, మూరెడు మొలకతో వ్రేలాడుచుండును. రాలినప్పుడు బురదలో నిలువున దిగబడినది దిగబడినట్లు పెరుగును, లేనిచో పోటు మీద తేలిపోయి మరియొక చోట నాటుకొనును. రాలిన మొలక నొకటి మార్గదర్శి నా చేతికిచ్చి, బురదలో గ్రుచ్చుమనెను. గ్రుచ్చితిని.

ఇల్లు చేరునప్పటికి రాత్రి తొమ్మిది దాటెను. దొడ్డమ్మ మేలుకొనియే యున్నది. గడపలో నా కాళ్ళ బురదను చాలసేపు చూచెను.

"సొర్లగొంది వైపు వెళ్ళారా?"

"దూరం నుంచి చూశాం దొడ్డమ్మా."

"మడ ఉందా?"

"ఉంది."

"ఎంత ఎత్తు?"

"రెండు నిలువులుంటుంది. కొత్తది కూడా వేస్తున్నారు. నేనూ ఒకటి నాటాను."

ఆమె మరేమియు అడుగలేదు. "బురద లోపలికి తేకు, పెరట్లో కడుక్కో" అని చెప్పి, నీళ్ళు తోడుటకు లేచెను.